రెండువేళ్ళ ఖాళీ

ఆఫీసులో అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. ‘ఎక్కడిది గారు’ అంటారు. ఎదురుగా కాదు లెండి, మంచినీళ్ళ సీసా నింపుకోవడానికి అతను లేచి వెళ్ళాక. బస్సు టిక్కెట్ల మిషన్లకి ప్రోగ్రాములు రాసే ఆఫీసు అది. మెట్లెక్కగానే ఎడమచేతి వైపు పాడైన మిషన్ల గుట్ట, కుడిచేతి వైపు వాటిని పాడుచేసిన మనుషులు. వాళ్ళు రాసిన కోడు బయటికి పోయే ముందు చదివి సరే అనడం అతని ఉద్యోగం. చదివే ముందు కళ్ళజోడు తుడుచుకుని, కుర్చీ ముందుకి లాక్కుని, ప్రతివాడినీ ఒకటే అడుగుతాడు.

“ఇది ఎక్కడిది?”

“నేనే రాశానండీ.”

“అది సరే. ఎక్కడిది?”

ఆ రెండో ‘ఎక్కడిది’కి తట్టుకుని నిలబడ్డ మొనగాడు ఇంతవరకూ పుట్టలేదు. ఒకడు ఇంటర్నెట్లో దొరికిందంటాడు, ఒకడు పాత ఆఫీసు నుంచి తెచ్చుకున్నానంటాడు. ఈ మధ్య అందరూ కలిసి ఒక కొత్త మంత్రం నేర్చుకున్నారు. “ఏఐ ఇచ్చిందండీ” అంటారు, ఆ మాటతో పీడ విరగడవుతుందన్నట్టు. “ఇచ్చింది సరే. దానికెక్కడిది?” అంటాడతను. అక్కడితో వాళ్ళ ముఖాల్లో దీపం ఆరిపోతుంది.

ఇంట్లోనూ అదే వరస. పక్కింటివాళ్ళు గిన్నెలో ఏదైనా పంపితే ముద్ద నోట్లో పెట్టుకోకముందే అడుగుతాడు. “దొంగతనం చేసుకొచ్చా, తినండి” అంటుంది భార్య. పెళ్ళైన కొత్తలో నవ్వుతూ అనేది, ఇప్పుడు నవ్వకుండా అంటుంది. అంతే తేడా.

ఈ జబ్బు అతనికి పుట్టుకతో వచ్చింది కాదు, తండ్రి కొట్లో పట్టుకుంది. తండ్రి టైలరు. చొక్కా కుట్టి ఇచ్చేటప్పుడు కత్తిరింపులో మిగిలిన ముక్కలన్నీ, చిటికెనవేలంత పీలికతో సహా, చిన్న మూటగా కట్టి చొక్కా జేబులో పెట్టి ఇచ్చేవాడు. “ఇవి నేనేం చేసుకోను?” అని గుడ్డ ఇచ్చినవాళ్ళు విసుక్కున్నా వినేవాడు కాదు. “గుడ్డ నీది, కాబట్టి ముక్కా నీదే. నాది కత్తెర ఒక్కటే” అనేవాడు. చుట్టుపక్కల టైలర్లు అలాంటి ముక్కలతో దిండు గలీబులు కుట్టుకుని, వాటి మీద పడుకుని హాయిగా నిద్రపోయేవాళ్ళు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి.

ఆ కొట్లో కత్తిరింపు బల్లకి ఎడమవైపు కింది మూల ఒక కాలిన మచ్చ ఉండేది. మన ఎక్కడిది గారే, నిక్కర్ల వయసులో, ఎర్రగా కాలుతున్న ఇస్త్రీపెట్టెని అక్కడ దించి ఆటకి పోయాడు. వచ్చేసరికి బల్లకి గుంట పడింది, వీపుకి వాత తేలింది. ఆ గుంటలో కత్తెర కొన ఇరుక్కుంటుందని తండ్రి ఆ మూల ఎప్పుడూ రెండువేళ్ళ గుడ్డ ఖాళీగా వదిలి, ఆ పైనుంచి ముక్కలు పేర్చుకునేవాడు. కొట్టుకి వచ్చిన ప్రతి చుట్టానికీ ఆ మచ్చ చూపించి, “మావాడి చేవ్రాలు” అని పరిచయం చేసేవాడు.

చదువు ముగిసి ఉద్యోగం దొరకని రోజుల్లో మన కుర్రాడు ఆ బల్ల పక్కనే కూర్చుని తండ్రి చేతుల్నే చూస్తూ ఒక ప్రోగ్రాం రాశాడు. గుడ్డ పొడవు, వెడల్పు, ముక్కల కొలతలు ఇస్తే చాలు, చేతులు ఎక్కడ, వీపు ఎక్కడ, కాలరు ఏ సందులో ఇరికిస్తే గుడ్డ తక్కువ పోతుందో బొమ్మ గీసి చూపిస్తుంది. ఆ బల్ల మీదే పరీక్ష పెట్టాడు కాబట్టి రెండువేళ్ళ ఖాళీ కూడా ప్రోగ్రాంలోకి ఎక్కింది. తీసెయ్యాలని తర్వాత చాలాసార్లు అనుకున్నాడు. అనుకోవడంలో అతనికి సాటి లేదు.

ఆ ప్రోగ్రాంని నలుగురి కోసం ఇంటర్నెట్లో పెట్టాడు. ఊరికే పెట్టలేదు, షరతు మీద పెట్టాడు. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. కానీ ఇంకొకరి చేతికి ఇచ్చేటప్పుడు రాసినవాళ్ళ పేర్లు చెరపకూడదు, మార్చిన కోడు కూడా వాళ్ళ చేతికివ్వాలి, ఇదే షరతు వాళ్ళకీ వర్తించాలి. అలాంటి లైసెన్సులు ముందే ఉన్నాయి, అతను కనిపెట్టిందేమీ కాదు. ఎన్ని రకాలున్నా ఇదే ఎందుకు ఎంచుకున్నాడంటే, చదవగానే చొక్కా జేబులో ముక్కల మూట గుర్తొచ్చింది.

జీవితంలో ‘ఇది నాది’ అని చెప్పుకోవడానికి అతనికున్నది అదొక్కటే. టిక్కెట్ల మిషన్లు ఆఫీసువి, ఇల్లు బ్యాంకుది, ఇంట్లో మాట భార్యది.

కాదు, ఆ ప్రోగ్రాం కూడా పూర్తిగా అతనిది కాదు. అందులో గళ్ళ గుడ్డ సంగతి చూసే భాగం ఇంకొకాయన రాసి పంపాడు. జేబు మీది గడి చొక్కా మీది గడితో కలవాలి కదా, ఆ లెక్క. ఏ దేశంలో ఉంటాడో తెలీదు, ముఖం తెలీదు. పేరు బదులు ‘గళ్ళచొక్కా’ అని పెట్టుకున్నాడు. జేబుని ముందు పెట్టాలా, వీపుని ముందు పెట్టాలా అని ఇద్దరూ ఒక వానాకాలమంతా రాతలో తగువులాడుకున్నారు. చివరికి గళ్ళచొక్కాదే లెక్క సరైందని తేలింది. ఎక్కడిది గారు దాన్ని కలుపుకున్నాడు, ఆయన పేరు రాశాడు, ఆ తర్వాత మాట్లాడటం మానేశాడు.

ఇదంతా పాత సంగతి. ఇప్పుడు ఒక ఆదివారం పొద్దున బావమరిది దిగాడు.

భార్యకి ఒక్కగానొక్క తమ్ముడు. చేస్తున్న ఉద్యోగం మానేసి, ఒక గది అద్దెకి తీసుకుని, గుమ్మానికి బోర్డు తగిలించి సొంత కంపెనీ అన్నాడు. పనివాళ్ళు లేరు. ఏఐకి చెప్పి రాయిస్తాడు. దాన్ని బతిమాలతాడు, బుజ్జగిస్తాడు, తిడతాడు. పెళ్ళి చేసుకుంటే ఇంత మాట్లాడాల్సిన పనుండదని అక్క అంటుంది. ఒక బట్టల ఫ్యాక్టరీ వాళ్ళు వీడిని నమ్మి, గుడ్డ మీద ముక్కలు పేర్చే ప్రోగ్రాం రాయమన్నారు. కంపెనీకి ఇదే మొదటి పెద్ద పని. ఇది పోతే బోర్డు తప్ప ఏమీ మిగలదు.

“బావా, ఒక్క చిక్కు. నువ్వు చూస్తే నిమిషంలో పోద్ది” అంటూ ల్యాప్‌టాప్ తెరిచాడు. “అంతా అద్భుతంగా వచ్చింది. కానీ ప్రతి తానులోనూ ఈ మూల కాస్త గుడ్డ వదిలేస్తోంది. ఎందుకో తెలీదు. ఫ్యాక్టరీ మేడం చంపేస్తోంది. అక్కడ ఒకదాని మీద ఒకటి వంద పొరలు పరిచి కోస్తారు, వంద పొరల్లోనూ అది దండగే.”

“ఏఐనే అడగలేకపోయావా?”

“అడిగా. క్షమించండి, సరిచేశానంది. చూస్తే ఖాళీ కుడి మూలకి పోయింది. తిట్టా. మళ్ళీ క్షమించమని, మళ్ళీ ఎడమకి తెచ్చింది. నీళ్ళలో చేప దొరికినా ఇది దొరకట్లేదు.”

ఎక్కడిది గారు కళ్ళజోడు తుడుచుకున్నాడు. కుర్చీ ముందుకి లాక్కున్నాడు. ఎడమవైపు, కింది మూల, రెండువేళ్ళు. తర్వాత కోడు తెరిచి పైకీ కిందికీ తిప్పాడు. పేర్లు లేవు, షరతు లేదు, అతను రాసుకున్న వివరణలు ఒక్కటీ లేవు. కానీ నడక తెలుస్తోంది. ఒళ్ళంతా ముసుగు కప్పుకున్నా సొంత కొడుకు నడక గుర్తుపట్టలేమా?

“నాన్నా, ఓసారి ఇలా రా.”

పక్కగదిలో ముసలాయన గళ్ళ గుడ్డకి సుద్ద గీత పెడుతున్నాడు. కొట్టు మూసేశాడు గానీ, ఇంట్లో బల్ల వేయించుకుని చేయి ఆపలేదు. మెడలో టేపుతోనే వచ్చి, తెర మీదికి వంగి, ఒక్క క్షణం చూసి అన్నాడు.

“ఇది మన బల్ల కదరా!”

బావమరిది నవ్వాడు. ఆ గదిలో తనొక్కడే నవ్వుతున్నానని తెలిసి ఆపాడు. “ఏ బల్ల మావయ్యగారూ?”

“మీ బావ కాల్చిన బల్ల. ఇదిగో, ఇక్కడే పెట్టాడు ఇస్త్రీపెట్టె” అంటూ ఆయన తెర మీద వేలు ఆనించాడు. “మచ్చ ఇందులోకి ఎలా వచ్చింది?”

కథంతా చెప్పేసరికి బావమరిది కాఫీ చల్లారిపోయింది. ఏఐలు ఇంటర్నెట్లో ఉన్న కోడు కొండల్లా మింగి నేర్చుకుంటాయి. ఆ కొండలో అతని ప్రోగ్రాం కూడా ఒక రాయి. అడిగినవాడికి అదే రాయిని కడిగి, పేరు చెరిపి, చేతిలో పెట్టింది.

“సరే, నీదే అనుకుందాం బావా” అన్నాడు బావమరిది తేరుకుని. “అయినా అది కాపీ కొట్టలేదు, చదివి నేర్చుకుంది. మనమూ నలుగురిదీ చదివే కదా నేర్చుకున్నాం?”

“నేర్చుకుంటే మచ్చని వదిలేసేది రా. ఖాళీ ఎందుకో దానికి తెలీదు, నీకూ తెలీదు. మక్కికి మక్కి దించింది కాబట్టే మచ్చ కూడా దిగింది. పేరు మాత్రం దారిలో జారిపోయింది, విచిత్రం!”

“మిషన్ చేసిన తప్పుకి నేనేం చెయ్యను?”

“ఇంతకుముందు నీకు తెలీదు. ఇప్పుడు తెలిసింది. ఫ్యాక్టరీకి ఏమని ఇచ్చావ్?”

బావమరిది చల్లారిన కాఫీ ఒక్క గుక్కలో తాగేశాడు. సొంతంగా రాశానని, ఇందులో ఇతరులకి హక్కు లేదని సంతకం పెట్టి ఇచ్చాడట. 

“ఎవరూ వచ్చి అడగరు బావా. అడిగేవాళ్ళు లోకంలో ఒక్కరే ఉన్నారు, అది నువ్వే. ఒక్కసారి అడక్కుండా ఉండవా? అక్క ముఖం చూసైనా?”

అక్క ముఖం అప్పటికే గుమ్మంలో ఉంది. “ఇంటి అల్లరి ఇంట్లోనే తేల్చుకోండి” అంది. “ఏవండీ, ఆ షరతు పెట్టింది మీరే కదా. మావాడి వరకూ ఎత్తెయ్యండి. మీ వస్తువు, మీ ఇష్టం. సొంత బావమరిది కన్నా గొప్పదా?”

ఎక్కడిది గారికి దాంట్లో తప్పు కనబడలేదు. నిజమే, రాసినవాడికి ఆ హక్కు ఉంటుంది. లోకానికి ఒక షరతు పెట్టి, ఒక్కరికి విడిగా వేరే అనుమతి ఇవ్వొచ్చు. ఇచ్చేస్తే పోదూ? ఇంట్లో శాంతి, బావమరిది బోర్డుకి ఆయుష్షు. తన పేరు ఎక్కడో ఫ్యాక్టరీలో కనబడకపోతే కొంపలేం మునగవు. జీవితంలో మొదటిసారి ‘ఎక్కడిదైతేనేం’ అనబోయి నోరు తెరిచాడు. ఆ నోరు అలాగే ఉండిపోయింది, ఎందుకంటే తెర మీద గళ్ళ చొక్కా ముక్కలు పేర్చి ఉన్నాయి. జేబు మీది గడి చొక్కా గడితో కలిసింది. ముందు వీపు, తర్వాత జేబు. వానాకాలమంతా తగువులాడిన లెక్క.

“నా వల్ల కాదు” అన్నాడు.

“ఏం?”

“నా భాగమైతే ఇచ్చేద్దును. గళ్ళ లెక్క నాది కాదు, ఇంకొకాయనది. ఆయన ఆ షరతు చూసి ఇచ్చాడు. ఆయన సొమ్ము నేను నీకు ధారపోస్తే అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టు ఉంటుంది.”

“మా అమ్మ సొమ్ము మీరేం దానం చెయ్యలేదు గానీ, ఆ మహానుభావుణ్ణి అడిగి చూడండి” అంది భార్య.

అడగాలంటే మాట్లాడాలి. మానేసి ఎంతకాలమైందో! ఎక్కడిది గారు ముందు కుశలం అడిగి చెరిపాడు, తర్వాత పాత తగువు గురించి సగం క్షమాపణ రాసి చెరిపాడు. బావమరిది వెనక నిలబడి, “ఏఐతో రాయించనా బావా, మర్యాదగా రాస్తుంది” అని ఒక చూపు తిన్నాడు. చివరికి ఉన్నదున్నట్టు రాశాడు. మీ లెక్క, నా లెక్క కలిసి ఏఐ నోట్లోంచి మా బావమరిది ఒళ్ళో పడ్డాయి, వాడికి షరతు లేకుండా ఇవ్వడానికి మీకు సమ్మతమేనా అని.

జవాబు వెంటనే రాలేదు. అది వచ్చేదాకా బావమరిది అక్కతో తప్ప ఎవరితోనూ మాట్లాడలేదు. అక్క మొగుడితో మాట్లాడలేదు. ముసలాయన అందరితోనూ మాట్లాడాడు గానీ ప్రతి మాటా మచ్చ దగ్గరికే తెచ్చాడు. “వాత ఇంకాస్త గట్టిగా పెట్టాల్సింది. దేశాలు తిరిగొచ్చింది” అనేవాడు.

వచ్చిన జవాబు ఇదీ:

‘సమ్మతం కాదు. ఇందులో అడగడానికేముంది? షరతు తేలిగ్గానే ఉంది కదా, మీ బావమరిదిని ఒకసారి చదవమనండి. అమ్ముకోవద్దని ఎవరన్నారు? అన్నట్టు, ఆ ఎడమ మూల ఖాళీ ఎందుకు? మొదటిరోజు నుంచీ అడగాలని ఉంది. అడిగితే మళ్ళీ తగువేసుకుంటారని ఊరుకున్నాను.’

ఎక్కడిది గారు దాన్ని రెండుసార్లు చదివి, రెండోసారి నవ్వాడు. బావమరిది మాత్రం కుడితిలో పడ్డ ఎలుకలా అయ్యాడు.

“కోడు లోకమంతా పంచాలా బావా? ఇక నా దగ్గర కొనేవాడెవడు?”

“లోకానికి అక్కర్లేదు రా. ప్రోగ్రాం ఎవరికిస్తున్నావో వాళ్ళకి కోడు కూడా ఇవ్వు, పేర్లు ఉంచు, షరతు చెప్పు. అంతే.”

“వాళ్ళు ఇంకొకరికి ఇచ్చేస్తే?”

“ఇవ్వొచ్చు. ఆ హక్కు వాళ్ళకుంది.”

“చూశావా, అదీ సంగతి!”

“ఇంకో దారి కూడా ఉంది. మొత్తం పారేసి, నువ్వే కూర్చుని మొదట్నించీ రాసుకో. ఏ షరతూ ఉండదు.”

ఆ మాటకి బావమరిది ముఖం చూడాలి. ఈదడం రానివాణ్ణి నది దాటమన్నట్టు ఉంది. కాసేపు గోళ్ళు చూసుకుని, “ఫ్యాక్టరీకి నువ్వూ రా బావా, ఒక్కణ్ణీ పోలేను” అన్నాడు.

ఇద్దరూ వెళ్ళారు. కత్తిరింపు హాలంటే రైలు ప్లాట్‌ఫారం లాంటి బల్లలు, వాటి మీద పొరలు పొరలుగా పరిచిన గుడ్డ, నిలబెట్టిన రంపంలాంటి కరెంటు కత్తి జుయ్యిమంటూ. గాల్లో దూదిపీచు. మేనేజరమ్మ మెడలో టేపు వేసుకుని, చేతిలో సుద్దతో వచ్చింది. బావమరిది గొంతు సవరించుకున్నాడు, మళ్ళీ సవరించుకున్నాడు.

“గొంతు బాగానే ఉంది. చెప్పు” అందావిడ.

చెప్పాడు. మధ్యలో రెండుసార్లు తప్పుని ఏఐ మీదికి తోయబోయాడు గానీ, పక్కన బావ దగ్గడంతో వెనక్కి తెచ్చుకున్నాడు. ఆవిడ సాంతం విని ముందు కోడు సంగతి అడిగింది.

“అంటే ప్రోగ్రాంతో పాటు కోడు కూడా మా చేతికొస్తుందా?”

“రావాలండీ. షరతు.”

“మంచిదేగా! ఇదివరకు ఒకాయన ప్రోగ్రాం ఇచ్చి, అది చెడిపోగానే ఫోన్ నంబరు మార్చేశాడు. నువ్వు మార్చినా ఇక మాకు బెంగలేదు.”

బావమరిది ఊపిరి పీల్చుకున్నాడు. అది పూర్తిగా లోపలికి వెళ్ళకముందే ఆవిడ సుద్దముక్కతో బల్ల మీద టకటకమని కొట్టింది.

“కోడు సంగతి వేరు, నీ సంగతి వేరు. సొంతంగా రాశానని సంతకం పెట్టి ఇచ్చావు. తెలీక పెట్టావు, ఒప్పుకుంటా. కానీ ఏం రాశావో నీకే తెలీకుండా సంతకమేంటి బాబూ? మూడు హాళ్ళకీ నీ ప్రోగ్రామే అన్నాను కదా, ఇప్పుడు ఈ ఒక్క హాలే. ఆ మూల సరిచెయ్యి, ఉన్నదున్నట్టు మళ్ళీ రాసివ్వు. మిగతా రెండింటి మాట నీ మీద గురి కుదిరాక.”

తర్వాత ఎక్కడిది గారి వైపు తిరిగింది. “అసలు రాసింది మీరా? ఆ మూలేంటండీ, చిన్నపిల్లలు కొరికినట్టు?”

“చిన్నపిల్లాడేనండీ” అన్నాడతను.

తిరిగొచ్చేటప్పుడు సందు మలుపులో బావమరిది, “ఒక్క హాలైనా మిగిలింది” అని, రెండడుగులు వేశాక, “నువ్వు దగ్గకపోతే మూడూ ఉండేవి” అన్నాడు. బావ కాదనలేదు.

ఆ సాయంత్రం బావమరిదిని పక్కన కూర్చోబెట్టుకుని, ఖాళీ ఏ వరుసలో ఉందో వాడిచేతే వెతికించాడు. దొరికాక వాడు తీసెయ్యబోతే చెయ్యి పట్టుకున్నాడు. తీసెయ్యకుండా దానికో మీట పెట్టించాడు. మీట వేస్తే ఖాళీ వస్తుంది, మామూలుగా రాదు. ఎవరు వేస్తారని అడిగితే, ఎక్కడో ఇంకో కాలిన బల్ల ఉండకపోతుందా అన్నాడు. ప్రోగ్రాం తెరవగానే కనబడేచోట పేర్లు ఎక్కాయి. మొదట అతనిది, తర్వాత గళ్ళచొక్కా, కింద బావమరిదిది. వాడి పేరు పక్కన ‘రచన’ తీసేసి ‘మార్పులు’ అని పెట్టారు. అది చూసి వాడి ముఖం ముడుచుకుంది గానీ, తర్వాత ఫోన్లో ఫొటో తీసి వంటింట్లో ఉన్న అక్కకి పంపింది కూడా వాడే.

“బల్ల నాది, మచ్చ నాది, పేర్లు మాత్రం మీవి” అంటూ ముసలాయన పక్కగదిలోంచి గొణిగాడు.

“మచ్చ నాది నాన్నా. నేనే కదా కాల్చింది.”

“అయితే బల్లకైనా పేరుండాలా వద్దా?”

సముదాయిద్దామని బావమరిది లేచి అటు వెళ్ళాడు. ముసలాయన ఆ ఆదివారం నాటి గళ్ళ గుడ్డని బల్ల మీద పరిచి, సుద్ద గీతల వెంట కత్తిరిస్తున్నాడు. బావమరిది నిలబడి చూశాడు. చూసిందే మళ్ళీ చూసి, గొంతు తగ్గించి పిలిచాడు.

“బావా, ఓసారి ఇలా రా.”

ఎక్కడిది గారు వెళ్ళి చూస్తే, ఎడమవైపు, కింది మూల, రెండువేళ్ళ గుడ్డ ఖాళీగా ఉంది.

“మావయ్యగారూ, ఇది కొత్త బల్ల కదా? దీని మీద మచ్చ లేదు కదా?” అన్నాడు బావమరిది. దొరికిన దొంగకి ఇంకో దొంగ దొరికితే కలిగే సంతోషమంతా ఆ గొంతులో ఉంది. “మీరూ ఏఐ లాగే చేస్తున్నారే! ఎందుకో తెలీకుండా!”

ముసలాయన కత్తెర ఆపాడు. మూల వైపు చూశాడు. రెండువేళ్ళూ ఆ ఖాళీలో పెట్టి, సరిగ్గా పట్టాయని చూసుకున్నాడు.

“దానికి తెలీక వదిలింది, నాకు తెలిసే వదిలాను” అన్నాడు.

“ఎందుకు?”

“కాల్చినవాడి పేరు పోకూడదు కదా, అందుకు.”

కత్తెర మళ్ళీ కదిలింది. కత్తిరించి పడేసిన ముక్కల్ని ఎక్కడిది గారు ఒక్కొక్కటే ఏరి మూటకట్టడం మొదలుపెట్టాడు. ఈ గుడ్డ ఎక్కడిదని అడగబోయి, గుమ్మంలో భార్యని చూసి ఊరుకున్నాడు.

“మీదేనండీ” అందావిడ. “మీ చొక్కా కోసమే తెచ్చాను. ఈసారికి అడక్కండి.”

“ఎక్కడ కొన్నావు?” అన్నాడతను.